బోర్లించని తపేలా

2024 వేసవి. నెల్లూరులో ఒక దినపత్రిక ఆదివారం పేజీల డెస్కులో పనిచేస్తున్నాను. డెస్కు అంటే వచ్చిన రాతను దిద్ది, శీర్షిక పెట్టి, పేజీకి ఎక్కించే చోటు. ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడుల వార్తలు తరచూ వస్తున్న కాలమది. యుద్ధం మీద కథలు పంపమని పాఠకులను అడిగాం. వచ్చినవాటిలో చాలావరకు ట్యాంకులు, తుపాకులు, సరిహద్దులో ప్రాణమిచ్చే వీరులే.

ఒక్క కథలో మాత్రం తుపాకి శబ్దం లేదు. రాసినామె కామాక్షి. ఇందుకూరుపేట మండలంలో ఒక మత్స్యకార పల్లెలో బట్టలు కుడుతుంది. మగవాళ్లు వేటకు వెళ్లి తిరిగొచ్చేదాకా ఆ పల్లెలో కడిగిన అన్నం తపేలాను బోర్లించరు. బోల్తా పడ్డ పడవలా కనిపిస్తుందని భయం. మామూలుగా అది ఒక పూట సంగతి. ఆమె కథలో భర్త సరుకుల ఓడలో వంటమనిషి. దాడుల భయంతో ఓడ ఆఫ్రికా చుట్టూ తిరిగి వస్తోంది. ఇంట్లో తపేలా రోజుల తరబడి వెల్లకిలానే ఉంటుంది. అక్కడితో కథ ఆగిపోయింది.

మా ఇన్‌చార్జి చదివి పెదవి విరిచారు. "ముగింపేదయ్యా? ఓడ మీద బాంబు పడాలి. ఆమె తపేలా బోర్లించాలి. పాఠకుడు కళ్లు తుడుచుకోవాలి. అట్లయితేనే వేద్దాం."

రచయితను అడగకుండా ముగింపు మార్చడం మా దగ్గర లేదు. ఫోన్ చేసి ఇన్‌చార్జి అడిగిన ముగింపు చెప్పాను.

"సార్, మా ఆయన నిజంగానే అట్టాంటి ఓడలో ఉండాడు," అంది కామాక్షి.

"ఇది కథే కదమ్మా."

"కథే సార్. కానీ ఆదివారం మా అత్త ఎవురిచేతన్నా చదివించుకుంటాది. ఆయన ఇంటికి రాకముందే నా చేత్తో నేను ఎట్టా బోర్లించేది?"

బాంబు మాట అక్కడితో వదిలేశాను. కానీ కథ సగంలో ఆగిన మాటా నిజమే. "ఎవరినీ చంపొద్దు. ఆమె పక్కన ఇంకా ఎవరున్నారో రాయమ్మా," అన్నాను.

"కుట్టింది విప్పి మళ్లీ కుట్టేది నాకేం కొత్త సార్?" అని నవ్వింది.

కొత్త ముగింపు వాట్సాప్‌లో వచ్చింది. అందులో తమ మగవాళ్లు క్షేమంగా ఒడ్డుకు చేరినా, ఇరుగుపొరుగు ఆడవాళ్లు కూడా తపేలాలు బోర్లించడం మానేస్తారు. ఒకామె విసుక్కుంటుంది: "మావోడు వచ్చి గురక పెడతా ఉండాడు. వాడి తపేలా మాత్రం ఇంకా సముద్రంలోనే ఉండాది! బల్లి పడిందని కడగలేక చస్తండా. బిరీన రమ్మను వదినా నీ మొగుణ్ణి!"

ఇన్‌చార్జి పకపకా నవ్వారు. పేజీలో ఏది ఎక్కడ వస్తుందో గీసుకునే నమూనాను డమ్మీ అంటాం. ఆయనే డమ్మీ తీసుకుని, బొమ్మకు వదిలిన చోటు తగ్గించి కథకు ఇచ్చారు.

"ఇది నిజంగా జరిగిందా?" అని కామాక్షిని అడిగాను.

"లేదు సార్, అల్లినా."

కథ అచ్చయ్యాక ఆమే ఫోన్ చేసింది. వలలు బాగుచేసే పాకలో ఎవరో దాన్ని పైకి చదివారట. మర్నాడు పక్కింటామె తపేలా కడిగి వెల్లకిలా పెట్టి, "చూడమ్మే, నువ్వు రాసిన పాపానికి!" అని గోడ మీదుగా అరిచిందట. ఇప్పుడు వీధంతా అంతేనట.

"మా అత్త చానా రోజులకి కడుపు నిండా తిన్నాది సార్."

"మీ ఆయన?"

"కేప్‌టౌన్ దాటినాడంట. ఇంకా రావాల."

చిన్న కథలో యుద్ధభూమికి చోటు చాలదు, వంటిల్లు పడుతుంది. ఇప్పుడు యుద్ధం మీద కథ చేతికొస్తే అందులోని ఇంట్లో ఏం మారిందో, ఆ సంగతి పక్కింటివాళ్లకు తెలుసో లేదో చూస్తున్నాను. రాసినవాళ్లనూ ముందు అదే అడుగుతున్నాను.