మాచర్ల పేలిపోవాలన్న మాట

నేను గురజాల కోర్టులో జూనియర్ వకీలుగా చేరిన రెండో ఎండాకాలంలో మా తమ్ముడి పెళ్లి కుదిరింది. పెళ్లి దగ్గర పడిందనగా, మాచర్లలో సౌండు బాక్సులు బాగుచేసే మెకానిక్ భార్య ఏడుస్తూ మా సీనియర్ గారి ఆఫీసుకొచ్చింది. మా పెళ్లికి డీజే పెట్టేది ఆ మెకానిక్కే.

"మా ఆయన్ని స్టేషనుకి తీసకపోయినారు సార్. టెర్రరిస్టుల కుట్రంట! ఆయనకి బాక్సులు తప్ప ఏందీ తెలవదు."

అంత పెద్ద కేసు మా గడప తొక్కడం అదే మొదలు. ఆమె ఏడుస్తుంటే జాలేసింది గానీ, లోపల్లోపల నాకు ఒళ్లు పులకరించింది. సీనియర్ గారితో మాచర్ల పోలీసు స్టేషనుకు బయల్దేరాను. రెంటచింతల దాటేసరికి కారులో ఏసీ చేతులెత్తేసినా, దారంతా ఉత్సాహంగా వాదన తయారు చేసుకున్నాను.

"నడికుడి రైల్వే స్టేషన్లో మీ మెకానిక్ తీగలున్న పెట్టెలు దించుతుంటే ఎవరో ఫోన్ చేశారు. అతని ఫోన్లో ఇది దొరికింది, వినండి," అంటూ అధికారి ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు.

"భాయ్, పెట్టెలు రెండూ నడికుడిలో దించుకో. పెద్దాయన కారు దిగంగానే మాచర్ల పేలిపోవాల!"

ఆ గొంతు నాది.

"ఈ ఆడమనిషెవరో తేలితే ముఠా మొత్తం దొరుకుద్ది," అన్నాడాయన.

"నేనే సార్," అన్నాను.

కానిస్టేబుల్ వెళ్లి తలుపు మూశాడు.

"పెద్దాయనెవరు?"

సీనియర్ గారు గొంతు సవరించుకున్నారు. "బహుశా నేనే. ఏమ్మా, నన్ను పేల్చేద్దామనుకున్నావా?"

"అయ్యో సార్! మీరు పెళ్లికి రాంగానే మాచర్ల అదిరిపోయేలా డీజే మోగాలని చెప్పానండీ!"

అధికారి నవ్వలేదు. పెట్టెలు తెప్పించి, మెకానిక్ చేతే విప్పించి, ప్రతి తీగా చూశాడు. చివరికి "మోగించు" అన్నాడు. అంతే, కిటికీ అద్దాలు గడగడలాడాయి. తలుపు మూసిన కానిస్టేబులే భుజాలెగరేస్తూ స్టెప్పులు మొదలెట్టాడు.

"ఆపరా నాయనా, నమ్మినా!" అని అరిచాడు అధికారి, చెవులు మూసుకుని.

మెకానిక్‌ను వదిలేశారు. అతని భార్య ఏడుస్తూ నవ్వుతూ నా చేతులు పట్టుకుంది. "ఇంకోసారి మామూలుగా చెప్పక్కా, నీకు దణ్ణం పెడతా!"

కోర్టులో ఏనాడూ పళ్లు కనబడనివ్వని సీనియర్ గారు తిరుగుదారిలో సోడా బండి దగ్గర కారాపించారు. "మనిద్దర్నీ లోపలేస్తే బెయిలెవరు వేసేవాళ్లమ్మా?" అంటూ నవ్వాపుకోలేక సోడా అంతా కోటు మీద పోసుకున్నారు. నాకు పొలమారింది.

"వకీళ్లకి ఎండదెబ్బ తగిలినట్టుందే," అని సోడా ఆయన ఇంకో రెండు కొట్టిచ్చాడు.