భయపడుతూనే అన్నం పెట్టిన అత్త

పోయిన నెల, నెల్లూరు ఆస్పత్రిలో మందుల కోసం నిల్చుని ఉండగా మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, అవ్వ లేస్తా లేదు. పిలిస్తే పలకతా లేదు" అంది. కోట వెళ్లే బస్సెక్కి మా పల్లె చేరేసరికి అత్తను వాకిట్లో పడుకోబెట్టారు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు.

అత్త నా భర్తకు తల్లి. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగిన మనిషి. తుఫాను హెచ్చరికకు కూడా బెదిరేది కాదు. ఆమె వణకగా నేను చూసింది ఒక్క ఈ జబ్బు పేరు విన్నప్పుడే.

నా భర్త పడవ పనికి వేరే రేవులకు పోయేవాడు. చాలా ఏళ్ల కిందట ఒకసారి జ్వరం, దగ్గు పట్టుకుని చిక్కిపోయాడు. పరీక్ష అంటే భయపడి తప్పించుకున్నాడు. చేయించేసరికి హెచ్ఐవీ ముదిరి ఎయిడ్స్ దశకు వచ్చింది, టీబీ తోడైంది. మందులు మొదలుపెట్టినా మనిషి దక్కలేదు. అప్పటికి నేను గర్భిణిని. నాకూ ఉందని తేలింది.

అత్త నా పళ్లెం, గ్లాసు వేరు చేసింది. నేను దగ్గితే లేచి బయటికి పోయేది. కోపంతో కాదు, భయంతోనే. నా భయం నాది. కడుపులో బిడ్డ కదిలినప్పుడల్లా దానికీ అంటుకుందేమో అనిపించేది.

ఒకనాడు డాక్టరమ్మ దగ్గరికి తనూ వచ్చింది. కూర్చోకుండానే అడిగింది.

"ఒకే పళ్లెంలో తింటే వస్తాదా అమ్మా?"

"రాదు."

"దోమ కుడితే?"

"రాదు. ముట్టుకున్నా, దగ్గినా రాదు. రక్షణ లేని లైంగిక సంబంధం వల్ల, వైరస్ ఉన్న రక్తం ఎక్కిస్తే, ఒకరికి వాడిన సూది మరొకరికి వాడితే వస్తుంది. తల్లి నుంచి బిడ్డకు రావచ్చు."

"అయితే ఈ బిడ్డ గతేంది?" అత్త నా కడుపు వైపు చూపించింది.

"పూర్తిగా పోగొట్టే మందు లేదు. కానీ రోజూ మాత్ర వేసుకుంటే వైరస్ అణిగి ఉంటుంది, బిడ్డకు రాకుండా దాదాపుగా ఆపగలం. మానేస్తేనే ప్రమాదం."

అత్త ఇంటికొచ్చి అన్నం కలిపి తనొక ముద్ద తిని, అదే పళ్లెంలోంచి నాకొకటి అందించింది.

"నాకింకా బయ్యంగానే ఉండాది పిల్లా. అయినా తిను."

అప్పటినుంచి పోయేదాకా ఆమె నోట ఒకటే మాట: "బయ్యపడితే పడు, మాత్ర మాత్రం మానబాక." ఊళ్లో నలుగురికి తెలిస్తే కుళాయి దగ్గరికి రానివ్వరేమోనని ఆ మాటా గుసగుసగానే అనేది.

మొన్న ఫోన్ చేసిన మా అమ్మాయే ఆ పాప, ఆస్పత్రిలోనే పుట్టింది. పుట్టగానే మందు పట్టించారు. నేను మాత్ర మానకుంటే పాలివ్వవచ్చన్నారు. అయినా పాప మింగే ప్రతి గుటకకూ నా ప్రాణం పోయేది. చివరి పరీక్షకు ఏడాదిన్నర ఆగాలన్నారు. పాప ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, అత్తా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయేవాళ్లం.

ఆ చివరి పరీక్ష రోజు "పాపకు లేదు" అని చెప్పారు. అత్త నమ్మలేదు. "ఇంకోతూరి చూడండమ్మా" అంది. డాక్టరమ్మ మళ్లీ అదే మాట చెప్పాక బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. కొడుకు పోయినప్పుడు ఏడవని మనిషి, పాపను ఒళ్లో పెట్టుకుని వాడి పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. పాప ఆమె చెంప తడిమి, తడిసిన వేళ్లు నోట్లో పెట్టుకుంది. ఏ తడి పాప నోట్లోకి పోయినా భయపడే అలవాటుకొద్దీ నేను ఉలిక్కిపడ్డాను. అత్త మాత్రం పాప నోట్లోంచి ఆ చేయి తీయలేదు.