మూడో రబ్బరు బ్యాండు

మా కాలేజీ మెట్లకు కొత్త గ్రానైట్ పలకలు వేస్తున్నారు. మేస్త్రీ ఒక్కో పలకను నిలబెట్టి సుత్తి పిడితో తడుతున్నాడు. మంచి పలక గంటలా మోగుతుంది. లోపలెక్కడో చీలిక ఉన్నది మాత్రం 'దబ్'మని ఊరుకుంటుంది. నేను సెకండియర్ పిల్లలకు జువాలజీ చెబుతూ, కిటికీలోంచి ఆ 'దబ్' వినగానే చాక్‌పీసు పట్టుకున్న చెయ్యి అలాగే ఆపేశాను. "ఆ రాయి పక్కన పెట్టెయ్యి మేస్త్రీ, అది పనికిరాదు" అని బయటికి కేకేశాను. మేడమ్‌కు రాళ్ళ సంగతి కూడా తెలుసా అన్నట్టు పిల్లలు మొహాలు చూసుకున్నారు. తెలుసు. నేర్పినాయన ఆళ్ళగడ్డలో ఉండేవాడు. పేరు మద్దిలేటాచారి. దేవుళ్ళ విగ్రహాలు చెక్కేవాడు. ఈత కూడా ఆయనే నేర్పాడు నాకు. ఆయన నన్ను మనిషిని చేశాడని మాత్రం రాయను. అంత మాట రాయడానికి నేను చేసిన పని అడ్డం వస్తుంది.

ఆయన దగ్గరికి మొదటిసారి వెళ్ళింది పోట్లాడటానికే. కాలేజీలో పెట్టడానికి సరస్వతి విగ్రహం ఆయనకు చెప్పాం. వసంత పంచమి నెత్తిమీదికి వచ్చినా విగ్రహం రాలేదు. ఇలాంటి పనులకు స్టాఫ్ రూములో అందరూ నన్నే ముందుకు తోస్తారు, నా నోటి మీద వాళ్ళకంత నమ్మకం. నంద్యాలలో బస్సెక్కి, ఆళ్ళగడ్డ రోడ్డు పక్కన రేకుల షెడ్డు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయన తల నుంచి కాళ్ళ దాకా రాతిపొడితో బూడిద రంగులో ఉన్నాడు. విగ్రహం పూర్తయినట్టే ఉంది. వీణ మీద చిటికెన వేలు కొస మాత్రం, బియ్యపు గింజంత, ఎగిరిపోయింది.

"ఇంత వేలుకు ఇన్ని రోజులా? గమ్ము పెట్టి అంటించు ఆచారీ."

"అంటుకుంటాది. రాతిపొడి కలిపి పూస్తే నీ కండ్లకే గాదు, మీ ప్రిన్సిపాలు కండ్లకూ కనపడదు."

"మరింకేం?"

"నాకు కనపడతాది గదమ్మా. రోజూ మొక్కేటోల్లకు ఇరిగిన దేవరనిచ్చి నేను బువ్వ తినాల్నా?"

అరగంట వాదించాను. శాస్త్రం చెప్పాను, ఆలస్యం వల్ల మా పరువు ఏమవుతుందో చెప్పాను, మనుషులకే పళ్ళు కట్టించుకుంటున్నాం కదా అని కూడా అన్నాను. ఆయన అంతా విని, బయటికి వెళ్ళి పొగాకు ఉమ్మేసి వచ్చి, "అయిపాయెనా? కొన్ని నీళ్ళు తాగు" అన్నాడు. ఆ విగ్రహాన్ని షెడ్డు వెనక పడుకోబెట్టి, మళ్ళీ కొత్త రాయి మొదలుపెట్టాడు. మాకు సరస్వతి వచ్చేసరికి పరీక్షలు కూడా అయిపోయాయి. ఆయనను ఎంతమంది ముందు ఎన్ని మాటలన్నానో లెక్కలేదు.

ఆ ఏడాదే నాకు షుగరు బయటపడింది. డాక్టరు నడవమన్నాడు. చెప్పింది చెప్పినట్టు చెయ్యడం నా ఒంట్లో లేదు కాబట్టి సైకిలు కొన్నాను. ఆదివారం తెల్లవారుజామున నంద్యాలలో బయల్దేరి ఆళ్ళగడ్డ దాకా తొక్కడం, ఆచారి షెడ్డులో కుండ నీళ్ళు తాగి తిరిగి రావడం అలవాటైంది. తిట్టిన మనిషి దగ్గరే నీళ్ళు తాగడమేమిటని మీరు అడగవచ్చు. ఆ దారిలో నా మాటకు మాట అప్పజెప్పగలిగినవాడు ఆయనొక్కడే మరి.

"ఏందీ పాపా, బస్సులు నిలిచిపోయినాయా?" అన్నాడు మొదటిరోజు.

"నాకు నలభై నాలుగేళ్ళు. పాప ఏమిటి?"

"నాకు అరవై ఆరు. పాపవే."

ఒకరోజు ట్రయాథ్లాన్ సంగతి చెప్పాను. దాదాపు రెండు కిలోమీటర్ల ఈత, తర్వాత తొంభై కిలోమీటర్ల సైకిలు, ఆ తర్వాత ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. అన్నీ ఒకే రోజు, ఎనిమిదిన్నర గంటల్లో ముగించాలి.

"ఏమిస్తారు?"

"మెడలో వేసుకునే మెడల్."

"బంగారుదా?"

"ఇనుముదేమో."

"ఇనప బిళ్ళకు ఇంత సావా!" అని నవ్వి, "ఈత వచ్చునా?" అన్నాడు.

"రాదు."

"ఇంగ యాడి పోటీ తల్లీ!"

ఆ మరుసటి ఆదివారం ఆయన బావమరిది చేలో ఉన్న మెట్ల బావికి తీసుకెళ్ళాడు. నాకు తోడుగా ఆయన భార్య నాగమ్మక్క మెట్ల మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలిచేది. మా సీమలో ఈత నేర్పే పద్ధతి ఒకటే. కలబందలా ఉండే కిత్తనార మొక్క ఎండిన మొద్దును నీళ్ళలో తేలే బెండ్లుగా కోసి, తాడుతో నడుముకు కడతారు. ఐదు బెండ్లతో మొదలుపెట్టి, ధైర్యం వచ్చేకొద్దీ ఒక్కొక్కటే విప్పుతారు. ఐదు నుంచి రెండుకు బాగానే దిగాను. రెండు నుంచి ఒకటికి దిగాల్సిన రోజున నాకు ధైర్యం చాలలేదు. బట్టలు మార్చుకునేటప్పుడు, ఆయన విప్పమన్న బెండును కుర్తా లోపల పెట్టి కట్టుకున్నాను. దూకాను. అద్భుతంగా ఈదాను.

"పాపా, బైటికి రా."

"ఎందుకు? బాగానే ఈదుతున్నాను కదా!"

"నీ కుడిపక్క మునగల్యా. ఈత నువ్వు కొడతాండావా, బెండు కొడతాందా?"

నాగమ్మక్క నవ్విన నవ్వుకు ఒళ్ళో కాయలన్నీ బావిలో పడ్డాయి. నాకు ఏడుపొచ్చింది. భయమేసి అలా చేశానని ఒప్పుకున్నాను. అది నాకు అరుదు.

"భయపడు. భయపడితే తప్పేం లేదు. దాసిపెట్టగాకు, అంతే" అన్నాడాయన.

నాలుగు నెలలకు నడుముకు ఏమీ లేకుండా ఆ బావిలో అటూ ఇటూ ఎన్నిసార్లంటే అన్నిసార్లు ఈదగలిగాను. అప్పుడే ఆయన షెడ్డు వెనక పడుకోబెట్టిన పాత సరస్వతి రాతిలోంచి ఒక ముక్క కోసి, అరచేయంత తాబేలు చెక్కడం మొదలుపెట్టాడు. "రాయి మంచిది పాపా, వేలు ఇరిగింది నా సేతి తప్పు" అన్నాడు. తాబేలుకు మెడ అంత పొడవుండదని జువాలజీ లెక్చరరుగా నేను వాదించాను. "ఇది నీ తాబేలు. అందర్లోకీ తల దూర్చేది. దీనికి అంత మెడ కావాల్సిందే" అన్నాడు. శిల్పులు విగ్రహానికి కళ్ళు అన్నిటికన్నా చివర చెక్కుతారు, దాన్నే కళ్ళు తెరవడం అంటారు. "పోటీ ముగించుకుని రా. అప్పుడు కండ్లు తెరుస్తా."

పోటీ పొరుగు రాష్ట్రంలో ఒక జలాశయం పక్కన జరిగింది. సైకిళ్ళ పిచ్చివాళ్ళు కొందరు కలిసి పెట్టుకున్న చిన్న పోటీ. ఎవరెంత దూరం వచ్చారో లెక్కపెట్టడానికి కాలికి కట్టే చిప్పులూ, యంత్రాలూ లేవు. ఈతలో చివరి నుంచి మూడోదాన్ని, అయినా గట్టెక్కాను. నీళ్ళలో ఉన్నంతసేపూ చెవుల్లో నాగమ్మక్క నవ్వే. సైకిలు పూర్తయింది. పరుగు గట్టు మీద నాలుగు చుట్లు. చుట్టు పూర్తయినప్పుడల్లా చేతికి ఒక రబ్బరు బ్యాండు ఇస్తారు. మూడు బ్యాండ్లు వచ్చాక నాలుగో చుట్టు తిరిగితే, ఆ చివర కుడివైపు మలుపు, ముగింపు గీత.

రెండో చుట్టు చివర, బ్యాండ్లు ఇచ్చే అమ్మాయి హడావిడిలో నా చేతిలో ఒకటి పెట్టింది. పది అడుగులు వేశాక చూసుకున్నాను. చెమటకు ఒకదానికొకటి అతుక్కున్న రెండు బ్యాండ్లు. వెనక్కి పది అడుగులు. అంతే దూరం. మళ్ళీ ఇటే వస్తాను కదా, అప్పుడిచ్చేద్దాం అనుకున్నాను. అలా అనుకుంటూనే మూడో బ్యాండును కూడా చేతికి ఎక్కించుకున్నాను. మూడో చుట్టు సగంలో గడియారం చూశాను. నాలుగో చుట్టు కూడా పరిగెత్తితే గడువు దాటుతుంది. నా పేరు పక్కన 'పూర్తి చేయలేదు' అని పడుతుంది. ప్రాణం పోయేదేమీ లేదు.

మూడో చుట్టు చివర ఆ అమ్మాయి లేదు. వేరే ఎవరో అబ్బాయి నా చేతిమీద మూడు బ్యాండ్లు చూసి, "సూపర్ మేడమ్! ఫినిష్ కుడివైపు!" అని అరిచాడు. కూరగాయల బండి దగ్గర, బస్సు కండక్టరుతో, ప్రిన్సిపాలుతో, చివరికి దేవుణ్ణి చెక్కే మనిషితో కూడా వాదించిన దాన్ని. ఆ ఒక్కచోట నోరు తెరవలేదు. కుడివైపు తిరిగాను. మెడలో బిళ్ళ పడింది.

కాలేజీ గేటుకు నా ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. మూడో రోజు మిఠాయి పొట్లంతో ఆళ్ళగడ్డ వెళ్ళాను. ఆచారి చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని మరీ మెడల్ అందుకున్నాడు.

"ఎన్ని సుట్లు పరిగెత్తినావ్ పాపా?"

మామూలుగా అడిగాడు. నాకు చెప్పడానికి దారి వేసినట్టే అడిగాడు.

"నాలుగు."

"నాలుగా!" అని నాగమ్మక్కను పిలిచి చెప్పాడు. పక్క షెడ్డువాళ్ళను పిలిచి చెప్పాడు. అప్పటికప్పుడు తాబేలును ఒళ్ళో పెట్టుకుని, సన్న ఉలితో నాలుగు దెబ్బలు వేశాడు. కుడికన్ను, ఎడమకన్ను. ఆ కళ్ళు మొదట చూసింది నన్నే. "తెరిచినాక ఇంగ మూయనీకి రాదు" అన్నాడు నవ్వుతూ.

పరీక్ష హాల్లో చీటీలు పట్టుకోవడంలో నాకు పేరుంది. ఆ మార్చిలో ఒక పిల్ల చున్నీ కొంగులోంచి చీటీ తీశాను. ఎప్పటిలాగే నాలుగు మాటలు అనబోయాను. "భయమేసింది మేడమ్" అందా పిల్ల. చీటీ తీసుకుని, "రాయి" అని వచ్చేశాను.

చెప్పాలని ఎన్ని ఆదివారాలు సైకిలు తొక్కానో! షెడ్డు దగ్గరికి వెళ్ళేసరికి ఆయన ఎవరో కొత్తవాళ్ళకు "నాలుగు సుట్లు తిరిగింది మా పాప" అని చెబుతూ ఉండేవాడు. అంతమందిలో ఎలా చెప్పను అనుకునేదాన్ని. ఎవరూ లేని రోజున, ఇంత ప్రశాంతంగా ఉన్నప్పుడు ఎందుకు అనుకునేదాన్ని. రెండో వానాకాలానికి రాతిపొడి ఆయన ఊపిరితిత్తులను మింగేసింది. ఆసుపత్రిలో మాట పడిపోయాక వెళ్ళాను. చెప్పలేదు.

ఆయన పోయిన మర్నాడు మా వీధిలో మిగిలిపోయిన ఆ నాలుగో చుట్టు, ఐదు కిలోమీటర్ల చిల్లర, పరిగెత్తాను. అతకలేదు. గమ్ముతో అంటించిన వేలు ఎలా ఉంటుందో అప్పుడు అర్థమైంది. పోటీ వాళ్ళకు నిజం రాసి మెడల్ తిప్పి పంపితే, "పరవాలేదు మేడమ్, వచ్చే ఏడాది మళ్ళీ రండి" అని నవ్వు బొమ్మతో జవాబిచ్చారు.

చివరికి తాబేలును సంచిలో వేసుకుని నాగమ్మక్క దగ్గరికి వెళ్ళాను. కూర్చోకుండానే మొత్తం చెప్పేశాను. ఆమె శనక్కాయలు ఒలవడం ఆపలేదు.

"నాకెందుకు చెప్తాండావ్? ఆయప్పకు చెప్పాల్సింది."

"చెప్పి ఉంటే ఏమనేవాడక్కా?"

"ఏమంటాడు? దాసిపెట్టగాకంటి గదా అని నవ్వేటోడు." ఇంకో కాయ ఒలిచి, "దాన్ని ఎనక పండబెట్టి ఇంగో తాబేలు మొదలు పెట్టేటోడు. కండ్లు లేకుండా" అంది.

తాబేలును తిరిగి తీసుకోమన్నాను. తీసుకోలేదు. "కండ్లు తెరిచింది మేము వాపసు తీసుకోము. నీదే అది. పెట్టుకో."

ఇప్పుడది నా బల్ల మీద, పేపర్లు దిద్దేటప్పుడు నాకు ఎదురుగా ఉంటుంది. ఈ రోజు క్లాసు నుంచి వచ్చి, పెన్ను వెనక్కి తిప్పి దాని వీపు మీద తట్టాను. గంటలా మోగింది. రాయిలో ఏ దోషమూ లేదు.