పురుగులింట్లో కేబుల్ తీగ

బాగేపల్లి నుంచి చింతామణి దాకా నాకు రెండు పేర్లు. ఒకటి కేబులాయన. రెండోది నా ఎదుట ఎవరూ అనరు గానీ, కోతలాయన. ఆ రెండోదాన్ని నేనే సంపాదించుకున్నాను. ఇంటింటికీ కేబుల్ టీవీ కొత్తగా వస్తున్న రోజుల్లో, చిక్కబళ్ళాపురలో వాన పడితే బొమ్మ తడిసి వస్తుందనీ, అప్పుడప్పుడు టీవీని ఎండబెట్టుకోవాలనీ జంగమకోటె దగ్గర ఒకమ్మకు చెప్పినాను. ఆమె నిజంగానే టీవీని వాకిట్లోకి తెచ్చి, మంచం మీద పెట్టి ఎండబెట్టింది. వీధంతా నవ్వింది. ఆమె మాత్రం మరిచిపోలేదు.

ఆ అమ్మకు ఒక కూతురు. బెంగళూరులో నాలుగేండ్లుగా పరిశోధన చేస్తావుండేది. ఒకసారి వాళ్ళింటికి ఇంటర్నెట్ బాగుచెయ్యడానికి పోయి, ఏం చదువమ్మా అది అనడిగినాను.

“లిక్విడ్ క్రిస్టల్ సెమీకండక్టర్లు మామా. నీళ్ళ మాదిరి పారతాది, కానీ లోపల గట్టి వస్తువు మాదిరి వరసలో నిలబడతాది. నేను చేసేదాంట్లో ఒక్కొక్క అణువూ ఒబ్బట్టు మాదిరి బిళ్ళ. ఎవురూ పేర్చకుండానే ఒకదాని మీద ఒకటి దొంతరగా కూర్చుంటాయి. ఆ దొంతర పొడుగునా కరెంటు పారతాది. యాడన్నా వరస చెదిరితే వాటంతటవే సర్దుకుంటాయి.”

ఇంత పెద్ద కోత నేను కూడా ఎన్నడూ కొయ్యలేదు. పైగా అది నిజమంట!

ఆ పిల్లకు ఆఖరి పరీక్ష వచ్చింది. వైవా. అడిగేవాళ్ళు వేరే దేశంలో ఉన్నారు కాబట్టి వీడియోలోనే. ఇంట్లో పట్టుపురుగులు గూడు కట్టే ముందు దశలో ఉన్నాయి. రాత్రీపగలూ ఆకు మేస్తాయి, ఎన్ని చేతులున్నా చాలవు. అందుకని ఊరికొచ్చి, ఇంటి నుంచే పరీక్ష ఇస్తానంది. పదకొండు గంటలకు మొదలు. పదికి నాకు ఫోను.

“మామా, ముందుగా ఒకసారి కలిపి చూసినాము. వాళ్ళ మాట నాకు బాగా వినబడతాండాది. నా మాటే వాళ్ళకు పోవడం లేదు. నాలుగేండ్ల పని మామా!”

బండి తీసినాను. మా కేబుల్‌లో ఇప్పుడు ఇంటర్నెట్‌కు రెండు దారులుంటాయి. ఇండ్లలోకి వచ్చేది పెద్ద రోడ్డు. ఇండ్ల నుంచి వెనక్కి పోయేది సందు. వీధిలో అందరి మాటలూ ఆ ఒక్క సందులోనే పోవాలి. ఏ ఒక్క ఇంట్లో తీగ సడలినా ఫ్యాన్ల రొదా మోటార్ల రొదా అందులో దూరి, ఎవరి మాటా అవతలికి చేరదు. స్తంభం నుంచి వెతుక్కుంటూ వస్తే తప్పు వాళ్ళింటి దగ్గరే దొరికింది. తీగ పురుగుల గది గుండా పోయి, గవాక్షం మీదుగా ఆ పిల్ల కూర్చున్న గదిలోకి దిగుతుంది. అతుకు పురుగుల గదిలో ఉంది.

ఆ గది గడప దగ్గర సున్నం చల్లి, అమ్మ అడ్డంగా నిలబడింది. మేత మీదున్న పురుగుల దగ్గరికి బయటివాళ్ళు పోకూడదు. ఏ రోగం ఎవరి కాళ్ళతో వస్తుందో! వేరే దారిలో తీగ లాగుదామంటే, చింతామణిలో మా ఆఫీసుకు పోయి కొత్త తీగ తెచ్చేసరికి పదకొండు దాటిపోతుంది.

తొంగి చూస్తే తెలిసింది. గది చల్లగా ఉండాలని గవాక్షాన్ని కూడా మూసేట్టు తడి గోనెపట్టాలు వేలాడదీసినారు. దేని మీద? నా కేబుల్ మీద. ఆ బరువుకు అతుకు సడలింది.

“అమ్మా, నీ గోనెపట్టాలే నీ కూతురి మాటను మింగతాండాయి.”

“ఓహో! ఈసారి పట్టాలు ఎండబెట్టాల్నా? టీవీ అయిపోయిందా?”

నా జన్మలో నిజం చెప్పి ఇంత అవస్థ పడింది లేదు. బయట గోడకున్న పెట్టెకు మీటరు తగిలించి, దాని తెరను గడప దగ్గర ఆమెకు కనబడేట్టు పట్టుకున్నాను.

“ఒక్కసారి ఆ పట్టాను ఊపు.”

విసుగ్గా ఊపింది. తెర మీద రొద గీతలు రాగిచేను మాదిరి ఎగిసినాయి. ఆపింది. కొంచెం తగ్గినాయి. మళ్ళీ ఊపింది, ఈసారి తనంతట తనే. మళ్ళీ ఎగిసినాయి. ఆమె తన చేతిని తనే చూసుకుంది.

“నా చెయ్యి అదిరేది ఆ స్తంభం దాకా పోతాండాదా అప్పా?”

“చింతామణి దాకా పోతాండాదమ్మా.”

అంతే అన్నాను. దానికి ఇంకేమీ కలపబుద్ధి కాలేదు.

ఆమె పట్టాలన్నీ తీసి తలుపుకు వేసింది. “ఆ అతుకు మరను కుడి పక్కకు తిప్పమ్మా, ఇంకొంచెం, గట్టిగా” అని గడప ఇవతలి నుంచి నేను చెప్పినట్టల్లా బిగించింది. గీతలు నేలకు అణిగినాయి. పదకొండుకు నాలుగు నిమిషాలున్నాయి.

పరీక్ష మొదలైంది. నేను వాకిట్లో మీటరు పట్టుకుని కాపలా. సగంలో అవతలి పెద్దాయన ఇంగ్లీషులో అడిగినాడు. అక్కడ వాన పడుతోందా అని. పట్టాలు తీసేసినాము కదా, గవాక్షం తెరుచుకుని పురుగులు ఆకు కొరికే చప్పుడు ఆ పిల్ల గదిలోకి వస్తోంది. వేల నోళ్ళు ఒక్కసారిగా మేస్తే అచ్చం వానే.

ఆ పిల్ల చెప్పింది. వాన కాదు సార్, పట్టుపురుగులు. వాటి లోపల పట్టు ఇప్పుడు నీళ్ళగానే ఉంది. బయటికి జారే దారిలో, ఇందాక నేను చూపించిన వస్తువు మాదిరే వరసలు కడుతుంది. నోరు దాటినాక దారమవుతుంది. మా అమ్మ పక్క గదిలో వాటికి ఆకు వేస్తోంది.

అవతల చడీచప్పుడు లేదు. లైను పోయిందనుకుని మీటరు చూసినాను. లైను బాగుంది. వాళ్ళు వింటున్నారు. ఎన్ని సముద్రాలవతలో, జంగమకోటె పురుగులు ఆకు మేసే చప్పుడు వింటున్నారు. నేను పాతిన స్తంభాల మీదుగా, నేను లాగిన తీగలో పోయింది ఆ చప్పుడు.

చివరికి ఆ పిల్లను డాక్టర్ అని పిలిచి అభినందించినారు. లోపలి నుంచి అమ్మ కేక పెట్టింది.

“అయిపోయిందా? పాసేనా? అయితే నా పట్టాలు మళ్ళా యాడ కట్టేదప్పా?”

నా సంచిలో నుంచి నైలాన్ తాడు తీసి, గడప మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగినాను.