దొరసాని ఇంటిపేరు, మా నాయిన గొంగడి

ఆ రోజుల్లో ప్యాంటు వేసుకున్న ప్రతివాడికీ తానొక దొరనన్న భ్రమ ఉండేది. నాకు మరీ ఎక్కువ, ఎందుకంటే నాకున్నది ఒక్కటే ప్యాంటు. నిజాం రాజ్యం పోయిన నాలుగైదేళ్లకు వికారాబాద్‌లో ఒక దవాఖానలో గుమాస్తాగా కుదిరాను. మాది మోమిన్‌పేట్ దగ్గర పల్లె. గొర్లు కాచి, ఆ ఉన్నితో గొంగళ్లు నేసే ఇల్లు. ఇంటిపేరు కూడా గొంగళ్లే. అది చెప్పుకోవడానికి నాకు చచ్చేంత సిగ్గు. అందుకే అర్జీలో ఇంటిపేరు ఎగ్గొట్టి, తండ్రి వృత్తి దగ్గర 'తాండూరులో కందుల వ్యాపారం' అని రాశాను. (మా నాయిన తాండూరు చూసింది ఒక్కసారే, అదీ తప్పిపోయిన పొట్టేలును వెతుక్కుంటూ.)

ఆ అర్జీ మీద నౌకరీ ఖాయం చేసే రోజు రానే వచ్చింది. దవాఖాన పెద్ద ఇంగ్లండు నుంచి వచ్చిన డాక్టరమ్మ. ఇంటిపేరు చాలనర్, మాకు చాలనర్ దొరసాని. అబద్ధమాడాడని అంతకు ముందే ఒక కాంపౌండరును ఇంటికి పంపిన మనిషి. ఆమె అలా కలం తీసిందో లేదో, వానలో తడుస్తూ, నల్లటి గొంగడిని నెత్తి మీదుగా ముసుగులా కొప్పెర వేసుకుని మా నాయిన గుమ్మంలో నిలబడ్డాడు. కొడుకు నౌకరీ ఖాయమవుతుంటే కళ్లారా చూడాలని తెల్లవారకముందే నడక మొదలుపెట్టాడట. ఎవరతనని దొరసాని అడిగింది. నా నోటికి ఏం పుట్టిందో, "మా జీతగాడమ్మా" అన్నాను.

నాయిన నా వంక చూడలేదు. తీరిగ్గా గొంగడి విప్పి నీళ్లు దులిపాడు.

"అవు దొరసానీ. వీడు పుట్టినప్పటి సంది జీతమున్న. ఇంతవరకు జీతమే ఇయ్యలే."

నా నౌకరీ అక్కడికక్కడే పోయిందనుకున్నాను. దొరసాని మాత్రం గొంగడి అంచు పట్టుకుని, ఎవరు నేశారని అడిగింది. నేనేనన్నాడు నాయిన. దారం గట్టిపడడానికి చింతగింజల గంజి పెడతామని, చిన్నప్పుడు ఆ గంజి కాచింది ఈ దొరేనని నా గుట్టంతా విప్పేశాడు. అప్పుడామె తన పుస్తకాల తెలుగులో తన ఇంటిపేరు కథ చెప్పింది. వెనకటికి ఫ్రాన్సులో కంబళ్లకు పేరుపడ్డ ఊరొకటి ఉండేదట. ఆ ఊరి పేరు మీదే ఇంగ్లండులో కంబళిని చాలన్ అన్నారట, అది నేసి అమ్మేవాడు చాలనర్. ఇప్పుడా ఇంటిపేరు వాళ్ల దేశంలోనూ అరుదేనట.

"మా ఇంట పేరొక్కటే మిగిలినది. నేయుట ఎవరికీ రాదు. మీ ఇంట రెండునూ ఉన్నవి. నీవు దాచుచున్నావు."

అర్జీ చించేసి కొత్త కాగితం నా ముందుకు తోసింది. తలెత్తకుండా ఇంటిపేరుతో సహా రాశాను, తండ్రి వృత్తి గొంగళ్ల నేత అని. ఆమె సంతకం చేసి, తనకూ ఒక గొంగడి నేసిపెట్టమని నాయినను అడిగింది. బయటికి వచ్చాక కాళ్ల మీద పడబోతే, "ప్యాంటు ఖరాబైతది, జర లే" అన్నాడు నాయిన. ఆ మాటకు ఏడుపొచ్చింది నాకు.

నాయిన పోయి ఎన్నో ఏళ్లయింది. మగ్గం ఎప్పుడు మూలపడిందో కూడా నాకు గుర్తులేదు. మొన్న మా మనవరాలు గేటు మీది పేరు చదివి, గొంగళ్ల అంటే ఏందని అడిగింది. పెట్టెలోంచి నాయిన గొంగడి తీసి దాని భుజాల మీద కప్పాను. ఇట్లాంటిది నేయడం నేర్పు తాతా అంది. నాకు వచ్చింది గంజి కాయడం వరకే. నేనూ చాలనర్‌నైపోయానని నవ్వుకుని, అదైనా నేర్పుదామని చింతగింజలు వెతకడానికి లేచాను.