అంకుల్ రెండో వైపు నుంచి తీసిన ఆట

మూడు వారాల కిందట మా కింది ఫ్లాట్ అంకుల్ పోయారు. వాళ్లబ్బాయి ఫోన్ చేసి చెబితే, ఆఫీసు కాల్ మ్యూట్‌లో పెట్టి ఏడ్చాను. ఆయన నాకు చుట్టం కాదు. గ్లాస్గోలో పదకొండేళ్లుగా ఒకే బిల్డింగ్‌లో ఉన్నాం, అంతే.

కాకినాడ మనిషి. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు చూసి రిపోర్టులు రాసి రిటైరైన డాక్టరు. శనివారం వస్తే రెయిన్‌కోటు, ఫ్లాస్కు పట్టుకుని మా అమ్మాయి మ్యాచ్‌కి నాకన్నా ముందే తయారయ్యేవారు. అమ్మాయి ఆడేది అమెరికన్ ఫుట్‌బాల్. బంతి చంకలో పెట్టుకుని, అడ్డం వచ్చేవాళ్ల మధ్య సందు చూసుకుని దూరిపోవడం దాని పని. రన్నింగ్ బ్యాక్ అంటారు. నేను మైదానం పక్కన నిలబడి ఫోన్‌లో తీసేవాణ్ని. ఆయన మైదానం చివరికి వెళ్లి, స్టాండ్ మెట్లెక్కి, వెనక నుంచి తీసేవారు.

"వానలో అంత దూరం ఎందుకంకుల్?" అంటే, "ఒక్కవైపు ఫిల్మ్ చూసి ఎముక బావుందని రాసిచ్చేస్తామేంటయ్యా?" అనేవారు. కొత్తలో ఓసారి అలాగే రాసిచ్చారట. వారం తర్వాత ఆ పేషెంటు వంకర మణికట్టుతో తిరిగొచ్చిందట. అది చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గిపోయేది.

చలికాలం చివర్లో ఓ మ్యాచ్, అమ్మాయి బంతి పట్టుకుని పరిగెత్తిన ఒక్క చోట చేజారింది. ఇంటికొచ్చి నా వీడియో టీవీలో పెట్టి, సరిగ్గా అక్కడ ఆపాను. అవతలి వైపు లారీ పట్టేంత ఖాళీ. అమ్మాయేమో నేరుగా గుంపులోకి పోయి పడింది. "ఇంత సందు కనబళ్లేదా? భయపడ్డావు, అంతే!" అన్నాను, దాని స్నేహితురాళ్ల ముందే. అది కోటు తీసుకుని తన ఫ్లాట్‌కి వెళ్లిపోయింది. మళ్లీ ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. తండ్రిని కదా, నాకేం తక్కువని పొగరు.

మర్నాడే అంకుల్ తను తీసింది పంపారు. కార్ పార్క్‌లో కనబడినప్పుడల్లా అదే ప్రశ్న.

"ఏవయ్యా, చూశావా?"

"చూశానంకుల్."

"మరి అమ్మాయితో మాట్లాడేవా?"

"మాట్లాడతానంకుల్."

నేను దాన్ని తెరవనే లేదు. అంత మంచి మనిషికి ఐదు నెలలు అబద్ధం చెప్పాను.

ఆయన పోయిన రోజు తెరిచాను. వెనక నుంచి చూస్తే ఆ ఖాళీయే లేదు. అక్కడ ఇద్దరు భారీ మనుషులు కాచుకుని ఉన్నారు. నా వీడియోలో మావాళ్లే అడ్డొచ్చి వాళ్లు కనబడలేదు. అమ్మాయి అటు ఒక్క చూపు చూసి, ఉన్న ఒకే దారిలోకి తల దూర్చింది. అది చేసింది ముమ్మాటికీ సరైన పని.

దహనానికి అమ్మాయి వచ్చింది. నేను నోరు తెరిచేలోపే అంది: "నువ్వు ఎప్పుడో చూశావని అంకుల్ చెప్పారు, డాడ్. చూసి కూడా నువ్వు రింగ్ చెయ్యలేదు. ఐ వెయిటెడ్."

నా అబద్ధం ఎక్కడిదాకా పోయిందో అప్పుడు తెలిసింది. "చూళ్లేదమ్మా. ఆయనకి అబద్ధం చెప్పాను. భయపడింది నేను," అన్నాను. అది చాలాసేపు ఏడ్చింది.

తర్వాత బయట బెంచీ మీద కూర్చుని ఇద్దరం ఆ వీడియో చూశాం. ఆట అయిపోయాక రికార్డింగ్ ఆపడం ఆయన మరిచిపోయినట్టున్నారు. తడిసిన సిమెంటు మెట్లు, ఆయన నల్ల బూట్లు, మెట్టు మెట్టుకీ ఆగుతూ ఆయాసం. మధ్యలో "భలే తల్లీ, భలే" అని తనలో తనే అనుకుంటున్నారు. ఆ బూట్లు కిందికి చేరేదాకా అమ్మాయి నా చెయ్యి వదల్లేదు.