వచ్చిందన్న వాసన

హోటల్లో అందరూ ఆయనను ముక్కు మాస్టర్ అనేవారు. మూత తీయకుండానే కూర ఎంతవరకు ఉడికిందో చెప్పగల వంటవాడికి ఆ పేరు బిరుదులాంటిదే. ఒక చలికాలం జ్వరం వచ్చి తగ్గింది. పోతూ పోతూ అది వాసనను కూడా పట్టుకుపోయింది. కూర మాడినా తెలియదు, పాలు విరిగినా తెలియదు. బాగయ్యాక రమ్మని, ఆయన చోటు ఎక్కడికీ పోదని ఓనరు మర్యాదగానే ఇంటికి పంపాడు.

తెలిసిన వాసనలు రోజూ చూస్తూ ఉంటే తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. మాస్టర్ భార్య చెవికి మొదటి ముక్కే ఎక్కింది. కొట్లో వాడిపోయిన ఆకుకూర కట్టల్లో ఏం వాసన ఉంటుంది, విత్తు వేసి నేనే పెంచుతానంది. మొక్కల పనిలో ఆమెకు ఓనమాలు కూడా రావు. అద్దె ఇంటి డాబా మీద పగిలిన బకెట్లు, నూనె డబ్బాలు చేర్చి మట్టి నింపింది. సబ్జా గింజలను వేలెడు లోతున పాతిపెడితే ఒక్కటీ మొలవలేదు. రెండోసారి పైపైనే చల్లి అరచేత్తో అదిమితే పచ్చగా లేచాయి. ధనియాలను నలిపి రెండు బద్దలు చేసి వేసింది. సోంపు, సోయకూర కూడా వచ్చాయి.

రోజూ పొద్దున్నే ఒక ఆకు తుంచి, వేళ్ళ మధ్య నలిపి ఆయన ముక్కు దగ్గర పెట్టేది. పూత పడితే ఆకులో ఘాటు తగ్గుతుందని మొగ్గలన్నీ గిల్లేసేది. ఆయన తల అడ్డంగా ఊపేవాడు. ఆమె మొహం వాడిపోయేది. ఇక ఆ పూటకు ఇంట్లో మాటా పలుకూ ఉండేది కాదు.

ఒకరోజు సబ్జా ఆకు పెట్టగానే ఆయన కళ్ళు మూసుకున్నాడు.

“వచ్చింది. సన్నగా... లవంగం కలిసినట్టు.”

ఆమె కాలు నేలమీద నిలవలేదు. తొందరేముందని ఆయన అంటున్నా వినకుండా హోటలుకు వెళ్ళి, ఈయన ముక్కు తిరిగొచ్చిందని, పూచీ తనదని ఓనరుతో చెప్పింది.

మాస్టర్ మళ్ళీ పొయ్యి ముందు నిలబడ్డాడు. చేతి అలవాటు మీద కొన్నాళ్ళు నెట్టుకొచ్చాడు. ఒక ఉదయం ఎవరో పక్క పొయ్యి తిప్పి వెలిగించడం మరిచిపోయారు. వంటగది నిండా గ్యాస్. అది తెలియని మాస్టర్ లైటర్ పట్టుకుని తన పొయ్యి మీదికి వంగాడు. గుమ్మంలోనే వాసన పసిగట్టిన ఓనరు ఒక్క ఉదుటున వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

“రాలేదని చెప్పుంటే కూరగాయలు తరిగే పనన్నా ఇచ్చేవాణ్ణి మాస్టర్. ఇంతమంది ఉన్నారిక్కడ,” అన్నాడు. గొంతు పెంచలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

జరిగింది ఇంటికొచ్చి చెప్పాడు. ఆమె గోడకు ఆనుకుని అడిగింది.

“వచ్చిందన్నారుగా?”

“రోజూ నా మొహంలోకే చూస్తూ కూర్చుంటావు. ఎన్నిసార్లని లేదు లేదని చెప్పను?”

“అయితే నాకోసం అబద్ధమాడారా?”

“నీకోసం కాదు. నీ పోరు పడలేక.”

మర్నాటి నుంచి ఆమె మొక్కలకు నీళ్ళు పోసింది గాని ఆకు తుంచలేదు. గిల్లేవాళ్ళు లేక అన్నీ పూతకొచ్చాయి. కొత్తిమీర తెల్లటి గొడుగులు విప్పింది, సోంపు పసుపుపచ్చవి. సబ్జా కంకుల మీద తేనెటీగలు పొద్దస్తమానం ముసిరేవి. చేతులారా పెంచిన మొక్కల పూలు ఆమె చూడడం అదే మొదలు. చూసినా సంబరం కలగలేదు.

గింజ కట్టాక ఇరుగుపొరుగు వచ్చి అడిగారు. మరుసటి ఏడు నారు పోసి అమ్మడం మొదలుపెట్టింది. వీటి పూలు కూడా తినొచ్చని తెలిసి కొనేవాళ్ళు పెరిగారు. ఇప్పుడు ఇల్లు గడిచేది దానిమీదే. ఆయన మట్టి జల్లించి సంచుల్లో నింపుతాడు, బరువులు మోస్తాడు. ఇద్దరి మధ్య పనికి కావలసినంతే మాట.

మొన్న ఒకామె సోంపు నారు చేతిలోకి తీసుకుని, దీని వాసన ఎలా ఉంటుందని ఆయననే అడిగింది.

“ఆవిడ చెబుతుంది,” అన్నాడు.

ఆవిడ నీళ్ళ గొట్టం కింద పెట్టి వచ్చేలోగా లోపలికి వెళ్ళిపోయాడు.